కల్ ఈలా సింగిల్ కాస్క్: తొమ్మిది వారాల రుచి డైరీ

సెప్టెంబర్ 14, ఆదివారం

ఎడిన్‌బరాలోని లీత్‌కొచ్చి ఆరేళ్ళు, సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో కాచిన స్కాచ్ విస్కీ, శ్రద్ధగా తాగడం మొదలుపెట్టి ఐదేళ్ళు. మొన్న పాత నోటుబుక్కులు తీసి చదువుతుంటే నాకే ఏదోలా అనిపించింది, ఎందుకంటే అందులో సగం వాసనలు నాకు తెలియనివే. హెదర్ తేనె అని రాసుకున్నా, ఆ తేనె నేనెప్పుడూ నాకి చూడలేదు. పేర్ డ్రాప్స్ అని రాశా, అవి ఇక్కడి పిల్లలు చప్పరించే బిళ్ళలు, నా చిన్నప్పుడు మావూళ్ళో ఆ రుచే లేదు. అంటే సీసా మీద ఉన్నది చదివి, నాకూ అదే వచ్చిందని నమ్మి రాసేశానన్నమాట. అందుకని ఈసారి ఒక్క సీసా, తొమ్మిది వారాలు, నా ముక్కుకి నిజంగా తెలిసిన వాసనలే రాయాలి, రాసిన మాట కళ్ళు మూసుకుని చూసినా మళ్ళీ వస్తేనే ఉంచాలి, రాకపోతే కొట్టేయాలి. ఇదే ప్రాజెక్టు.

సీసా వివరాలు. డిస్టిలరీ, అంటే విస్కీ కాచే చోటు, కల్ ఈలా, స్కాట్లండ్‌లో ఐలా దీవి. 2012లో బట్టీ దించింది, 2024లో సీసాలకెక్కింది, పన్నెండో ఏడు నిండలేదు కాబట్టి వయసు 11. ఒక్కటే పీపా, రీఫిల్ హాగ్స్‌హెడ్. ఆల్కహాల్ 57.3 శాతం, నీళ్ళు కలపలేదు, చిల్ ఫిల్టర్, అంటే చల్లబరిచి వడకట్టడం, చెయ్యలేదు, రంగు వెయ్యలేదు. మొత్తం 312 సీసాలు. నాకు 78 పౌండ్లు పడింది. ఇది డిస్టిలరీ వాళ్ళు అమ్మింది కాదు, వాళ్ళ దగ్గర్నుంచి పీపా కొని తమ లేబుల్ మీద సీసాల్లో నింపే ఇండిపెండెంట్ బాట్లర్ది, పేరు మాత్రం రాయట్లేదు, కారణం కింద ఉంది.

కార్క్ విరిగింది. మూత తిప్పుతుంటే పైనున్న చెక్క చేతికొచ్చేసి కార్క్ సగం మెడలోనే ఉండిపోయింది, స్క్రూ పెట్టి లాగితే పొడిపొడిగా లోపలికి రాలిపోయింది. మాల్ట్ సీసాలు వైన్ లాగా పడుకోబెట్టకూడదు, అంత ఘాటు ఆల్కహాల్ కార్క్‌ని తినేస్తుంది, నేనైతే నిలబెట్టే ఉంచా. ఎక్కడ పాడైందో తెలీదు. టీ జల్లెడ మీద శుభ్రమైన పల్చటి గుడ్డ వేసి మొత్తం 700 ఎమ్మెల్ వడకట్టా. అసలు ప్లాన్ ఏంటంటే తెరవగానే వచ్చే మొదటి పెగ్గు వాసన రాసి, వారం వారం గాలి తగిలాక ఎలా మారుతోందో పోల్చడం. వడకట్టేసరికి మొత్తానికీ గాలి తగిలేసింది, ఆ మొదటి వాసన ఇక దొరకదు. బాధేసింది, కానీ పోలిక పూర్తిగా పోకుండా ఒక పని చేశా. వడకట్టిన దాంట్లోంచే రెండు చిన్న సీసాల్లోకి 100 ఎమ్మెల్ చొప్పున, మెడ దాకా నింపి, గట్టిగా మూత బిగించి బీరువాలో పెట్టా. మిగతా 500 పాత సీసాలోనే, వేరే ఖాళీ సీసా కార్క్ పెట్టి. ఇప్పుడు బీరువాలోది గాలి ఆడనిది, బల్ల మీదది గాలి ఆడేది.

ఈరోజు నోట్సు, 15 ఎమ్మెల్, విస్కీ వాసన చూసే గ్లెన్‌కెయిర్న్ గ్లాసు, నీళ్ళు లేకుండా. రంగు లేత కొబ్బరినీళ్ళలో చిటికెడు పసుపు వేసినట్టు. రీఫిల్ పీపా అంటే ముందే ఒకటో రెండో సార్లు స్కాచ్ పోసి తీసిన చెక్క, అందులో రంగూ వెనిల్లా చాలావరకు అప్పటికే దిగిపోయి ఉంటాయి, అందుకే 11 ఏళ్ళయినా ఇంత లేతగా ఉంది. వాసన: పొగ, నిమ్మ తొక్క, ఉప్పు, కొబ్బరి. నోట్లో పెట్టగానే మంట, మిరియం, చివర్లో నాలిక వెనక తడి బూడిద. ఇంతకన్నా ఏం రాసినా ఊహే అవుతుంది, ఆపేశా.

సెప్టెంబర్ 17

లేబుల్ మీద లెక్క సరిపోతుందో లేదో చూశా, నాకు ఇలాంటివి ఇష్టం. హాగ్స్‌హెడ్ అంటే సుమారు 250 లీటర్లు పట్టే పీపా, అమెరికా బర్బన్ విస్కీ పీపాలు విప్పి, ఆ పలకలకి ఇంకొన్ని కలిపి పెద్దది కడతారు. కొత్త సరుకుని మామూలుగా 63.5 శాతానికి తగ్గించి నింపుతారు, అంటే మొదట్లో అచ్చమైన ఆల్కహాల్ 158.75 లీటర్లు. ఇప్పుడు 312 సీసాలు, ఒక్కోటి 700 ఎమ్మెల్, మొత్తం 218.4 లీటర్లు, అందులో 57.3 శాతం అంటే 125 లీటర్లు. పదకొండేళ్ళలో మిగిలింది వందకి 79. ఏడాదికి రెండు శాతం చొప్పున ఆవిరైపోయినట్టు, ఇక్కడివాళ్ళు దేవతల వాటా అని చెప్పే లెక్క కూడా అదే. ఒక్క పీపా అన్న మాటకి లెక్క అడ్డం రావట్లేదు, నాకు నమ్మకం కుదిరింది.

సెప్టెంబర్ 21

కల్ ఈలా ఎందుకు ఎంచుకున్నానంటే, ఐలాలో అన్నిటికన్నా ఎక్కువ సరుకు దించేది ఇదే, కానీ అందులో ఎక్కువ భాగం జానీ వాకర్ లాంటి బ్లెండుల్లోకి, అంటే చాలా డిస్టిలరీల సరుకు కలిపిన విస్కీల్లోకి, పోతుంది. సొంత పేరు మీద 12 ఏళ్ళది అందరికీ దొరికేలా రావడం 2002 నుంచే, డిస్టిలరీ మాత్రం 1846 నాటిది. అంతకు ముందు దీన్ని విడిగా రుచి చూడాలనుకున్నవాళ్ళకి దిక్కు ఎక్కువగా ఇండిపెండెంట్ బాట్లర్లే. బ్లెండు చేసేవాళ్ళు పీపాలు ఒకళ్ళకొకళ్ళు మార్చుకుంటారు, మిగిలినవి దళారుల చేతికొస్తాయి, అలా ఎల్గిన్‌లో గోర్డన్ అండ్ మెక్‌ఫైల్ 1895 నుంచి, కాడెన్‌హెడ్ 1842 నుంచి ఈ పనిలో ఉన్నారు. మా ఇంటికి నడిచెళ్ళే దూరంలోనే, ఇదే లీత్‌లో, స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ 1983లో మొదలైంది. వాళ్ళు సీసా మీద డిస్టిలరీ పేరే వెయ్యరు, నంబరు వేస్తారు, 53 అంటే కల్ ఈలా. ఆ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది, పేరు కనపడకపోతే ముక్కు పనిచేస్తుంది, నా సీసా బాట్లర్ పేరు రాయనిదీ అందుకే.

కానీ ఈ దారి ఎప్పటికీ తెరిచే ఉంటుందని లేదు. గోర్డన్ అండ్ మెక్‌ఫైల్ అంతటివాళ్ళే 2024 నుంచి వేరే డిస్టిలరీల సరుకు కొత్తగా పీపాల్లో నింపడం మానేస్తామని 2023లో చెప్పేశారు, ఉన్న నిల్వలే ఇంకా చాలా ఏళ్ళు అమ్ముతారు, అది వేరే సంగతి. ఆ వార్త చదివిన రోజు నేను నిజంగా దిగులుపడ్డా.

సెప్టెంబర్ 27, శనివారం – నీళ్ళ రోజు

పిల్లల మందు తాగించే సిరంజి తెచ్చుకున్నా. 15 ఎమ్మెల్ విస్కీని 57.3 నుంచి 46కి దించాలంటే 3.7 ఎమ్మెల్ నీళ్ళు, 40కి దించాలంటే 6.5. కళ్ళతో చూసి ఓ చుక్క, ఇంకో చుక్క అని పోస్తే రేపు మళ్ళీ అదే చెయ్యలేం, అందుకే సిరంజి. ఎడిన్‌బరాలో కుళాయి నీళ్ళు తేలికైనవే, అవే వాడా, గది వేడికి రానిచ్చి.

57 దగ్గర ముక్కు పెడితే ఆల్కహాల్ గుచ్చుతుంది, పొగ ఒక ముద్దలా వస్తుంది తప్ప విడివిడిగా తెలియదు. 50 దగ్గర నిమ్మ ముందుకొచ్చింది. 46 దగ్గర గ్లాసు పెట్టి, పది నిమిషాలు వదిలేసి మళ్ళీ వాసన చూస్తే, ఒక్కసారిగా తేగ.

ఇది కాస్త వివరంగా రాస్తా. మా అమ్మమ్మగారిది అమలాపురం దగ్గర, శీతాకాలంలో తాటి పాతర తవ్వి తేగలు తీసి, కుండలో నిలువుగా పేర్చి, మూతి మూసి బోర్లించి, చుట్టూ ఎండుటాకులూ కంపా వేసి కాల్చేవాళ్ళు. వేడి తగ్గాక కుండ తీస్తే వచ్చే వాసన అటు పొగా కాదు ఇటు తీపీ కాదు, రెండూ పెనవేసుకుని, కింద మట్టి. తేగని నిలువునా చీలిస్తే మధ్యలో సన్నగా తెల్లగా చందమామ ఉంటుంది, దాని కోసం నేనూ అక్కా కొట్టుకునేవాళ్ళం. ఈ గ్లాసులో ఉన్నది సరిగ్గా ఆ కుండ తీసిన క్షణం. పిండి తీపి, దానికి పట్టిన పొగ. ఆలోచిస్తే అర్థం ఉంది, మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, తేగ అంటే మొలకెత్తిన తాటి టెంక వేరు, రెండూ పిండి పట్టిన మొలకలే, రెంటికీ పొగ పెట్టారు. అక్కడ తాటాకు పొగ, ఇక్కడ పీట్ పొగ, అంటే వేల ఏళ్ళు తడిలో కుళ్ళీ కుళ్ళకుండా పేరుకుపోయిన నాచూ గడ్డీ.

40కి దించాక తీపి పలచబడిపోయింది, బూడిద మిగిలింది. ఫ్రిజ్ నీళ్ళతో 35కి దించి చూస్తే గ్లాసు మసకేసింది, చిల్ ఫిల్టర్ చెయ్యలేదన్న మాట నిజమే, ఆ మసక కొవ్వు జాతి ఈస్టర్లు, వాటిని చల్లబరిచి వడకట్టి తీసేస్తే మెరుస్తుంది గానీ నోట్లో నిండుతనం పోతుందని నా అభిప్రాయం. స్వీడన్‌లో లినేయస్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో కంప్యూటర్ మీద లెక్కేసి చూపించారు, 45 శాతం, అంతకన్నా తక్కువకి దించినప్పుడు గ్వాయకాల్ అనే పొగ వాసన అణువు పై పొర దగ్గరికి చేరుతుందని, 59 పైన అయితే లోపలే కలిసిపోయి ఉంటుందని. నా ముక్కుకి 46 దగ్గర జరిగింది దానికి దగ్గరగానే ఉంది.

ఇక నుంచి అన్ని పరీక్షలూ 46 దగ్గరే.

అక్టోబర్ 4

ఈరోజు పరీక్ష రద్దు చేశా. ఉదయం ఇంట్లో పులిహోర పోపు వేశారు, ఇంగువ. నాలుగు గంటల తర్వాత కూర్చున్నా సరే ప్రతి గ్లాసులోనూ ఇంగువే. ఆఖరికి మంచినీళ్ళ గ్లాసులో కూడా. ఇక నుంచి పోపు పెట్టిన రోజు రుచి చూడటం లేదు, పొద్దున్నే ఏమీ వండకముందు మాత్రమే. వాసన చూసి ఉమ్మేయడమే, పొద్దున పూట మింగను.

అక్టోబర్ 11, శనివారం

గ్లాస్గో నుంచి అన్నయ్య వచ్చాడు, మా పెద్దమ్మ కొడుకు, అక్కడ హాస్పిటల్‌లో డాక్టరు. ఏమిటో చెప్పకుండా చేతికిచ్చా. ముక్కు దగ్గర పెట్టుకున్నాడో లేదో, "ఏరా, డ్రెస్సింగ్ ట్రాలీ ఏమైనా తెచ్చి పెట్టావా ఇంట్లో?" అన్నాడు. తర్వాత కాసేపు ఊరుకుని, "కాదు, ఆగు. మన బావి దగ్గర లైఫ్‌బాయ్ సబ్బు, ఎర్రది, పాతది" అన్నాడు.

అన్నయ్యా, ఆ మాట నేను రాసుకుంటున్నా అని చెప్పి వెంటనే రాసుకున్నా, ఎందుకంటే అది నూటికి నూరుపాళ్ళు కరెక్టు, నాకు నాలుగు వారాలుగా నోటి చివరిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అది. ఆ పాత ఎర్ర సబ్బు కార్బాలిక్ సబ్బు, కార్బాలిక్ అంటే ఫీనాలే, పీట్ పొగలో బార్లీకి పట్టేది కూడా ఫీనాల్, క్రెసాల్, గ్వాయకాల్ ఇవే. అన్నయ్య ఇంకో సంగతి చెప్పాడు, గాయాలు కుళ్ళకుండా కార్బాలిక్ యాసిడ్‌తో కట్టు కట్టడం లిస్టర్ 1865లో మొదలుపెట్టింది గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలోనేనట. ఇక్కడివాళ్ళు ఐలా మాల్టుని హాస్పిటల్ వాసన అంటే నాకు ఎప్పుడూ అది అరువు మాటలా ఉండేది. బావి గట్టు మీద అరిగిపోయిన ఎర్ర సబ్బు ముక్క అంటే మాత్రం నా చేతికి తడి కూడా తగులుతోంది.

అక్టోబర్ 18

డిస్టిలరీ వాళ్ళ సొంత 12 ఏళ్ళది, 43 శాతం, పక్కన పెట్టి చూశా, నా సీసాది కూడా 43కి దించి. అదే బార్లీ, పోర్ట్ ఎలెన్ మాల్టింగ్స్‌లో పొగ పెట్టి వచ్చేదే, ఐలాలోనే ఇంకో డిస్టిలరీ లాగవూలిన్‌కి కూడా ఆ స్థాయి పీట్ మాల్టే వెళ్తుంది, సుమారు 35 పీపీఎం, అంటే మాల్టులో పది లక్షల పాళ్ళకి 35 పాళ్ళు ఫీనాల్. అయినా లాగవూలిన్ బరువుగా ఉంటుంది, కల్ ఈలా తేలిగ్గా ఉంటుంది, కారణం రాగి బట్టీలు. ఇక్కడ పెద్ద బట్టీలు నిండా పొయ్యరు, ఆవిరికి రాగి ఎక్కువసేపు తగులుతుంది, బరువైనవి వెనక్కి పడిపోతాయి. రెండేళ్ళ కిందట వేసవిలో కెన్నక్రేగ్ నుంచి ఫెర్రీ ఎక్కి పోర్ట్ ఆస్కేగ్ వెళ్ళి చూశాం, ఆరు బట్టీలు వరసగా, ఎదురుగా నిలువెత్తు అద్దాలు, అద్దాల అవతల సముద్రపు పాయ, దానికావల జూరా దీవి కొండలు. ఇక్కడి పాత భాష గేలిక్‌లో ఆ పాయ పేరే డిస్టిలరీ పేరు. ఆ గదిలో నిలబడితే బట్టీల వేడి వీపుకి తగులుతుంటే కళ్ళకి చల్లటి నీళ్ళు.

పోలిక విషయానికొస్తే, 12 ఏళ్ళది గుండ్రంగా ఉంది, చాలా పీపాలు కలిపింది కాబట్టి ఏ మూలా గుచ్చుకోదు, వెనిల్లా కొంచెం ఎక్కువ, పొగ మెత్తన. నాది సన్నగా, పదునుగా, నిమ్మ, ఉప్పు, సబ్బు, తేగ. రోజూ తాగడానికి 12 ఏళ్ళదే హాయి, ఇది నిజం. కానీ బట్టీలోంచి దిగిన సరుకు ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే మాత్రం ఈ రీఫిల్ పీపాదే, చెక్క దాని మీద దుప్పటి కప్పలేదు. ఇండిపెండెంట్ బాట్లర్లు షెర్రీ వైన్ పీపాలో వేసిన కల్ ఈలాలు కూడా తాగా, బాగుంటాయి, ఎండుద్రాక్షా పొగా, కానీ డిస్టిలరీని వెతుక్కోవాలి.

అక్టోబర్ 25

మాటల పరీక్ష మొదలు. మూడు గ్లాసులు, అడుగున నంబర్లు, మా ఆవిడ పోస్తుంది, నేను పక్క గదిలో ఉంటా. ఒకటి నాది, ఒకటి 12 ఏళ్ళది, ఇంకోటి ఆర్డ్‌మోర్, అది ప్రధాన భూభాగంలో పొగ పెట్టే హైలాండ్ మాల్ట్. చూసి నాకు తోచింది రాయాలి, తర్వాత నంబర్లు తిప్పి చూడాలి. నాలుగు సార్లు చెయ్యాలని ప్లాన్.

ఇంకో విషయం. తను తాగదు, కానీ ముక్కు నాకన్నా చురుకు. నిన్న రాత్రి నేను కడక్కుండా వదిలేసిన గ్లాసు పొద్దున్నే తీసి వాసన చూసి, "ఇదేంటో చెప్పనా? సంక్రాంతి పొద్దున్న, ముందురోజు భోగిమంట బూడిద ఇంకా వాకిట్లోనే ఉంటుంది చూడు, దాని పక్కన తడి నేల మీద ముగ్గేస్తుంటే వస్తుంది" అంది. నేను లాక్కుని చూశా. ఆరిపోయిన గ్లాసులో ఆల్కహాల్ పోయి బరువైన వాసనలే మిగులుతాయి, అందుకే అనుభవం ఉన్నవాళ్ళు మర్నాడు ఖాళీ గ్లాసు చూస్తారు. తడి బూడిద అని నేను మొదటిరోజే రాశా, కానీ ఏ బూడిదో తను చెప్పింది.

నవంబర్ 8

మాటల పరీక్ష నాలుగు సార్లూ అయిపోయింది. కార్తీక సోమవారాలు నేను ముట్టను, అందుకే శనాదివారాలు మాత్రమే. ఫలితం: నా సీసాకి తేగ నాలుగుకి నాలుగు సార్లు వచ్చింది, 12 ఏళ్ళదానికి రెండు సార్లు, ఆర్డ్‌మోర్‌కి ఒక్కసారీ రాలేదు, దానికి ప్రతిసారీ పిడక పొగ అనే రాశా. ఎర్ర సబ్బు మూడు సార్లు. నిమ్మ తొక్క మొదటి రెండు సార్లు వచ్చి తర్వాత మాగాయ ముక్కగా మారింది, అంటే ఉప్పులో ఊరి ఎండలో ఆరుతున్న మామిడి ముక్క, పులుపులో పచ్చిదనం పోయింది. కొబ్బరి ఒక్కసారి కూడా రాలేదు. మొదటి రోజు కొబ్బరి అని ఎందుకు రాశానా అని చూస్తే, లేబుల్ మీద హాగ్స్‌హెడ్ అని చదివి ఉన్నా, అది బర్బన్ పీపాల అమెరికా ఓక్ చెక్క, అమెరికా ఓక్ అంటే కొబ్బరి అని చదువుకుని ఉన్నా. కొట్టేశా.

నవంబర్ 15, 16

ఆఖరి పరీక్ష. బల్ల మీది సీసాలో 180 ఎమ్మెల్ మిగిలింది, అంటే మూడొంతులు గాలే. బీరువాలోని చిన్న సీసా ఒకటి తెరిచా. మూడు గ్లాసుల్లో రెండు ఒకటే, ఒకటి వేరే, వేరేది ఏదో పట్టుకోవాలి. శనివారం మూడు రౌండ్లు, ఆదివారం మూడు, వాసన మాత్రమే. ఆరింటిలో ఐదు పట్టుకున్నా. గుడ్డిగా చెప్తే ఐదు గానీ ఆరు గానీ కరెక్టయ్యే అవకాశం 729లో 13, అంటే రెండు శాతం లోపు, కాబట్టి గాలి ఆడటం వల్ల సీసా మారింది అని ధైర్యంగా రాస్తున్నా. బీరువాలోది నిమ్మ తొక్క, పదును, సబ్బు ఎక్కువ. బల్ల మీదది మాగాయ, తేగ, సబ్బు తగ్గింది. నాకు బల్ల మీదదే ఎక్కువ నచ్చింది. మార్కులు వందకి 88.

సీసా మీద అతికించిన చీటీలో చివరికి మిగిలిన మాటలు ఇవి: 46 శాతం దగ్గర, పది నిమిషాలు ఆగి. కుండలో కాల్చిన తేగ, మాగాయ ముక్క, బావి గట్టు మీద ఎర్ర సబ్బు, మిరియం. మర్నాటి గ్లాసులో భోగి బూడిద.

రెండో చిన్న సీసా తెరవలేదు. మూత మీద సంక్రాంతి అని రాసి బీరువాలో వెనక్కి జరిపా, ఆరోజు అన్నయ్య వాళ్ళు కూడా వస్తామన్నారు.